ఫిన్లండు దేశమునందలి ఇనారి సీమ

ఇటీవలి సంవత్సరములలో మన ప్రాంతపు యువజనులు కొందరు పైచదువులకును, కొలువులకును ఫిన్లండు దేశమునకు పోవుచున్నారు. ఆ దేశ మెట్టిది, అచ్చటి జను లెట్టివారు, మా పిల్లవాడు ఆ చలికి తాళగలడా యని తలిదండ్రులు మమ్మడుగుచుందురు. రాజధానియగు హెల్సింకిని గూర్చి చెప్పువారు పలువురు కలరు. మే మీ వ్యాసమున ఆ దేశపు గ్రామసీమలలో నొకదానిని, మిక్కిలి యుత్తరమున నున్న ఇనారిని, చూడబోవువారికిని కాపురముండబోవువారికిని పరిచయము చేయ నెంచితిమి. దానినే యేల యెన్నుకొంటి మన్న, ఆ సీమ పాఠశాలల చరిత్రయందు ఉపాధ్యాయులును, విద్యార్థులును, తలిదండ్రులును నేర్వదగిన సంగతి యొకటి కలదు. దానిని తరువాత చెప్పెదము. ముందు సీమను చూతము.

ఉనికియు వైశాల్యమును

ఫిన్లండునందు స్థానిక పరిపాలనకు మూలమైన విభాగమును ‘కున్త’ యందురు. పట్టణములైనను పల్లెలైనను దేశమంతయు నిట్టి కున్తలుగా విభజింపబడియున్నది. వాని సంఖ్య మూడువందలకు మించును. నాలుగేండ్ల కొకసారి ప్రజలు తమ కున్త సభకు ప్రతినిధుల నెన్నుకొందురు. నివాసుల ఆదాయముపై పన్ను విధించు అధికారము ఆ సభకు కలదు. పాఠశాలలు, శిశుసంరక్షణశాలలు, గ్రంథాలయములు, వీధులు, త్రాగునీరు మున్నగునవి దాని బాధ్యతలు. వైద్యశాలలు కూడ పూర్వము దాని పాలనయందే యుండెను. 2023వ సంవత్సరము మొదలుకొని అవి అంతకంటె పెద్దవగు సంక్షేమ మండలముల చేతిలోనికి పోయినవి. మన పంచాయతీకిని మునిసిపాలిటీకిని గల భేదము అచ్చట లేదు. పల్లెలైనను పట్టణమైనను కున్తకు హక్కు లొక్కటియే.

ఇనారి యట్టి కున్తలలో వైశాల్యమున మొదటిది. నీటితోగూడ దాని విస్తీర్ణము సుమారు 17,300 చదరపు కిలోమీటర్లు. 2022వ సంవత్సరపు విభజనకు ముందున్న మన కృష్ణాజిల్లా విస్తీర్ణము సుమారు 8,700 చదరపు కిలోమీటర్లు. కావున ఇనారి దానికి ఇంచుమించు రెండింతలు. ఆ కృష్ణాజిల్లాయందు 2011వ సంవత్సరపు లెక్కల ప్రకారము 45 లక్షల జనముండగా, ఇనారియందు ఉన్నవారు సుమారు 7 వేలమంది మాత్రమే. మన పెద్ద గ్రామ మొకదాని జనులను తెచ్చి రెండు జిల్లాలయందు చల్లినచో నెట్లుండునో ఇనారి యట్లుండును. ఇంటికిని ఇంటికిని నడుమ అడవి, చిత్తడినేల, సరస్సు, మరల అడవి.

హెల్సింకినుండి అచ్చటికి బాటవెంట 1,100 కిలోమీటర్లకు పైబడి యుండును. రైలు రోవనియేమి మీదుగా కొంతదూరము పోయి నిలిచిపోవును. రోవనియేమి ఆర్కిటిక్ వృత్తమునకు చేరువనున్న పట్టణము. అచ్చటినుండి ఉత్తరమునకు బస్సు కలదు. ఇనారి గ్రామమునకు ఇంకను 300 కిలోమీటర్లకు మించిన ప్రయాణము. త్వరపడువారు విమానమున ఇవలోకు పోవుదురు. ఫిన్లండు దేశపు విమానాశ్రయములలో మిక్కిలి యుత్తరమున నున్నది ఇదియే. ఇవలో ఈ కున్తలో పెద్ద ఊరు. జనములో ఇంచుమించు సగముమంది అచ్చటనే యుందురు. కార్యాలయములు, అంగళ్లు, వైద్యశాల అచ్చటనే కలవు. అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల ఉత్తరమున, యూతువ నది సరస్సున గలియు చోట, ఇనారి గ్రామ మున్నది. దక్షిణమున సారిసెల్కా యను కొండలసీమ యాత్రికులకు ప్రసిద్ధము. తూర్పున రష్యా సరిహద్దునొద్ద నెల్లిమ్, ఈశాన్యమున సెవెత్తియార్వి యను చిన్న పల్లెలు కలవు.

సరస్సు, వెలుగు, చీకటి

ఇనారి సరస్సు ఈ సీమకు హృదయము. దాని విస్తీర్ణము వేయి చదరపు కిలోమీటర్లకు మించును. అందు మూడువేలకు పైగా దీవులు కలవు. దాని నీరు పాత్స్‌యోకి యను నదిగా పాఱి ఉత్తరమున బారెంట్స్ సముద్రమున గలియును. నవంబరున గడ్డకట్టిన సరస్సు జూన్ మొదటి దినములవరకు కరుగదు. ఆ కాలమున జనులు మంచుమీద నడచి, మంచుబండ్ల నడిపి, గడ్డకు కన్నము వేసి చేపలు పట్టుదురు.

అచ్చటి ఋతువులలో మనకు వింతగొలుపునవి రెండు. మే చివరి వారమునుండి జూలై మూడవ వారము గడచువరకు సూర్యు డస్తమింపడు. నడిరేయి సయితము దిగంతముమీద తిరుగుచుండును. డిసెంబరు తొలిదినములనుండి జనవరి రెండవ వారమువరకు సూర్యు డుదయింపడు. దీనిని ఫిన్నులు ‘కామోస్’ అందురు. భూమి యిరుసు వంగియుండుటచే ధ్రువమునకు సమీపమున నున్న సీమలు వేసవియందు నిరంతరము సూర్యునివైపునకు, శీతకాలమున నిరంతరము అవతలివైపునకు ఉండుటయే దీనికి కారణము. భూగోళపు బంతిని దీపముముందర వంచి త్రిప్పినయెడల మూడవ తరగతి పిల్లవాడును దీనిని కనుగొనగలడు. కామోస్ అనగా కాటుకచీకటి కాదు. మధ్యాహ్నవేళ కొన్ని గంటలు ఆకాశము నీలిరంగు సంధ్యతో నిండును. ఆ కొంచెపు వెలుగును మంచు ఇనుమడింపజేయును. నిర్మలమైన రాత్రులందు ఆకాశమున ఆకుపచ్చని తెరలవలె ఉత్తరజ్యోతులు కదలాడును. సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములు భూమియొక్క వాయుమండలపు పైపొరలయందు తగులుటచే నిది కలుగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీనికి ఫిన్నిష్ భాషలోని పేరునకు అర్థము ‘నక్కమంటలు’.

శీతకాలమున సున్నకు క్రిందుగా 30 డిగ్రీల చలి యరుదు కాదు. కాని ఇండ్లు గట్టిగా కట్టబడి, లోపల వెచ్చగా నుండును. పలుచని దుస్తులు పొరలుపొరలుగా ధరించి, పైన గాలి చొరని కోటు తొడిగినవాడు చలికి వెఱవ నక్కఱలేదు. సెప్టెంబరున ఆకులు పసుపు, ఎఱుపు వన్నెలు దాల్చు కొలది దినములను ‘రుస్క’ యందురు. కాలినడకను కొండలు తిరుగువారికి అది మంచి కాలము. జూన్ చివరనుండి దోమలు ముసురుకొనును. దోమలు మన దేశమునకే చెందినవని తలచువారు ఇనారి చిత్తడినేలల యందొక సాయంకాలము గడిపి చూడవలెను!

జీవనోపాధులు

రెయిన్‌డీరు జింకల పెంపకము, చేపలు పట్టుట, అడవిపని అచ్చటి పూర్వపు వృత్తులు. నేడు యాత్రికులకు సదుపాయములు చేయుటయు, ప్రభుత్వపు కొలువులును పెక్కుమందికి జీవనాధారములు. మంచుమీద మోటారు బండ్లను పరీక్షించు సంస్థలు కూడ ఇవలో ప్రాంతమునకు వచ్చును.

రెయిన్‌డీర్లు అడవియందు స్వేచ్ఛగా మేయుచుండును గాని వానిలో యజమాని లేనిది లేదు. వేసవియందు దూడల చెవులకు యజమాని తన గుర్తుగా గంట్లు పెట్టును. ఏ గంటు ఎవరిదో కాపరులు చూచినంతనే చెప్పగలరు. శరదృతువునుండి మందలను దొడ్లలోనికి తోలి, లెక్కించి, వేరుచేయుదురు. శీతకాలమున అవి గిట్టలతో మంచు త్రవ్వి క్రిందనున్న పాచిజాతి మేతను తినును. ఎండ కొంచెము కాచి మంచు కరిగి మరల గడ్డకట్టినచో ఆ గట్టిపెంకును అవి త్రవ్వలేవు. కావున మనకు వానలు తప్పినచో నెంత బాధయో, వారికి చలి తప్పినచో నంత బాధ.

1868లో ఇవలో నదియందు బంగారు రేణువులు కనబడగా, రెండేండ్లలో వందలకొలది జనులు అచ్చటికి పరుగెత్తిరి. 1945లో లెమ్మెన్‌యోకి నదియొద్దను బంగారము దొరకెను. ఆ లెమ్మెన్‌యోకి ప్రాంతము 1956 మొదలు జాతీయ వనముగా రక్షింపబడుచున్నది. ఫిన్లండు జాతీయ వనములన్నిటిలో నదియే పెద్దది.

జనులు, భాషలు

ఫిన్లండు కున్తలలో నాలుగు అధికారభాషలు గలది ఇనారి యొక్కటియే. అవి ఫిన్నిష్, ఉత్తర సామీ, ఇనారి సామీ, స్కోల్ట్ సామీ. సామీలు ఫిన్లండు, స్వీడను, నార్వే దేశముల యుత్తరభాగములందును, రష్యాయొక్క కోలా ద్వీపకల్పమునందును అనాదిగా నివసించు జనులు. ఇనారి జనములో సుమారు మూడవవంతు వారే. పూర్వము పరులు వారిని ‘లాప్పులు’ అనెడివారు. ఆ మాట వారికి అవమానకరముగా తోచును గనుక క్రొత్తగా పోవువారు దానిని నోట రానీయరాదు.

ఇనారి సామీలు సరస్సుచుట్టును చేపలు పట్టి జీవించిన మొదటి నివాసులు. వారి భాష ప్రపంచమునందు మఱెచ్చటను లేదు. ఈ సరస్సు తీరమే దానికి పుట్టినిల్లు. ఉత్తర సామీ మాటలాడు జింకల కాపరులలో పలువురు, 1852లో నార్వే సరిహద్దు మూయబడిన పిదప మందలతో ఇటు తరలివచ్చినవారు. స్కోల్ట్ సామీల కథ దుఃఖకరమైనది. వారి స్వస్థలము తూర్పుననున్న పేత్సామో ప్రాంతము. 1920 మొదలు ఫిన్లండుకు చెందియున్న ఆ ప్రాంతము 1944లో సోవియట్టు యూనియను వశమయ్యెను. స్కోల్టులు తమ ఇండ్లను, వలవేయు నీళ్లను, పితరుల సమాధులను విడిచి ఫిన్లండు వైపునకు వచ్చిరి. 1949లో ప్రభుత్వము వారిలో ననేకులకు సెవెత్తియార్వి ప్రాంతమున ఇండ్లు కట్టి యిచ్చెను. వారు ఆర్థొడాక్సు క్రైస్తవులు. తక్కిన సామీలును ఫిన్నులును మిక్కిలిగా లూథరను సంఘమువారు.

ఒక్క కృతజ్ఞతా వచనమునందే ఈ చరిత్ర యంతయు కనబడును. ‘వందనము’ అనుటకు ఫిన్నులు ‘కీటోస్’ అందురు. ఉత్తర సామీలు ‘గీత్తు’ అందురు. ఇనారి సామీలు ‘తక్క’ అందురు. స్కోల్టులు ‘స్పస్సెబ్’ అందురు. ఈ తుది మాట రష్యను భాషనుండి వారికి వచ్చినది. ఈ నాలుగు మాటలు నేర్చిన పరదేశి ఇనారియందు పరదేశిగా చాలకాల ముండడు.

యుద్ధమును దేవాలయములును

1944వ సంవత్సరపు శరత్తునందు ఫిన్లండు జర్మను సైన్యములను తన యుత్తరసీమనుండి వెడలగొట్టవలసి వచ్చెను. యుద్ధమునకు ముందుగా జనులు ఇండ్లు విడిచి దక్షిణమునకును స్వీడనునకును తరలింపబడిరి. జర్మను సైన్యములు వెనుకకు పోవుచు వంతెనలు కూల్చి, ఇండ్లు తగులబెట్టి, బాటలందు పేలుడు మందు పాతిపెట్టి పోయిరి. ఇవలో నేలమట్టమయ్యెను. జనులు తిరిగివచ్చి బూడిదలోనుండి మరల నిర్మించుకొనిరి. కావున ఇనారి యందు పురాతనమైన ఇల్లు కనబడదేమని ఆశ్చర్యపడరాదు.

ఇనారి గ్రామపు దేవాలయము 1940లో బాంబులచే నాశనమాయెను. నేడున్నది 1951లో కట్టబడినది. అడవిలోని పియెల్పయార్వి దేవాలయము మాత్రము నిలిచెను. 1760లో ముగిసిన ఆ కొయ్యకట్టడమునకు నేటికిని మోటారుబాట లేదు. గ్రామమునుండి సుమారు 5 కిలోమీటర్లు అడవిదారిని నడచి పోవలెను. పూర్వము సామీ కుటుంబములు శీతకాలమున అచ్చట గుమిగూడి, ఆరాధన, పెండ్లిండ్లు, వర్తకము, తగవుల తీర్పు అన్నియు నొక్క తావునందే జరుపుకొనెడివారు. చేతితో చెక్కిన ఆ దూలముల నడుమ కూర్చున్నవారికి మాటలాడ బుద్ధిపుట్టదు.

పాఠశాలలు

ఇపుడు మేము మొదట చెప్పెదమన్న సంగతికి వచ్చుచున్నాము.

పూర్వకాలమున ఇనారి పిల్లలకు చదువు చెప్పినవారు సంఘముయొక్క ఉపదేశులు. మన ఉపదేశులు పల్లెపల్లెకును తిరిగినట్లే, వారు మంచుబండిపైని, దోనెపైని ఇంటింటికిని పోయి, కొన్ని వారములుండి, పిల్లలకు చదువుటయు ప్రశ్నోత్తరియు నేర్పి, మఱియొక ఇంటికి పోయెడివారు. ఇనారి సామీ భాషలో మొదటి పుస్తకము 1859లో అచ్చువడెను. అది పిల్లల మొదటి వాచకమును లూథరు రచించిన ప్రశ్నోత్తరియు కలిసినది. దానిని సిద్ధపఱచినవాడు ఎద్వర్ద్ విల్హెల్మ్ బోర్గ్ అను బోధకుడు. చదువు పిల్లవాని యింటికి, పిల్లవాని భాషలో వచ్చెడిది.

1921లో ఫిన్లండు నిర్బంధ విద్యాచట్టమును చేసెను. అయినను బడికి మిక్కిలి దూరముననున్న పిల్లలకు చాలకాలము మినహాయింపు లుండెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ మినహాయింపులు తొలగి, అడవిలోని పిల్లలందరును బడికి రావలసినవారైరి. ఇది మంచియే. కాని ఇల్లు పదులకొలది కిలోమీటర్ల దూరమున నుండుటచే ఏడేండ్ల బిడ్డలు వసతిగృహములలో నుండవలసి వచ్చెను. క్రిస్మసుకుగాని ఇల్లు చూడని పిల్లలు పెక్కుమంది యుండిరి. బడియందు బోధనాభాష ఫిన్నిష్. మొదటి దినమున ఉపాధ్యాయుడు చెప్పిన మాట యొక్కటియు తెలియక కూర్చున్న పిల్లలు కలరు. తమ భాష మాటలాడినందుకు మందలింపబడినవారును, శిక్షింపబడినవారును కలరు.

ఆ యుపాధ్యాయు లందరును కఠినాత్ములు కారు. ఫిన్నిష్ బాగుగా నేర్చిననేగాని పిల్లలకు బ్రదుకుతెరువు లేదని వారు నమ్మిరి. అన్నము పెట్టిరి, లెక్కలు నేర్పిరి, జబ్బుపడినపుడు ప్రక్కన కూర్చుండిరి. అయినను ఆ బడినుండి వెలువడిన పిల్లలు ఒక పాఠమును ఏ పుస్తకమునను లేకయే నేర్చుకొనిరి: తమ తల్లి భాష సిగ్గుపడదగినదని. వారు పెరిగి తలిదండ్రులై, తాము పడిన బాధ తమ బిడ్డలు పడరాదని, ఇంటియందు ఫిన్నిష్ మాటలాడిరి. 1920వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా వ్యాధి ఇనారి సామీలలో ననేకులను అంతకుముందే పొట్టనబెట్టుకొనియుండెను. చావుచే తగ్గిన భాష ఇపుడు మౌనముచే తగ్గసాగెను. ఇరువదవ శతాబ్దము ముగియవచ్చునప్పటికి ఇనారి సామీ తెలిసిన పిల్లలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ముసలివారు మాత్రము మాటలాడుచుండిరి.

1986లో ఆ భాషాభిమానులు కొందరొక సంఘముగా కూడిరి. దానికి చాలకాలము నాయకుడుగా నున్నవాడు మత్తి మొరొత్తయ అను ఉపాధ్యాయుడు. ఆ సంఘమువారు న్యూజీలండునందలి మావొరీ జనులు 1982లో ప్రారంభించిన యొక యుపాయమును గ్రహించిరి. దాని పేరు ‘భాషాగూడు’. బడియీడు రాని పిల్లలను పగలంతయు నొక యింట నుంచి, భాష తెలిసిన పెద్దలు వారితో ఆ భాషయే మాటలాడుదురు. పాఠములు లేవు, పలకలు లేవు. బూట్లు తొడుగుచు, గంజి పోయుచు, మంచులో ఆడించుచు మాటలాడుటయే పని. పక్షి తన పిల్లలకు నోటికి నోరుగా మేత పెట్టునట్లు పెద్దలు మాటలు పెట్టుదురు. 1997లో ఇనారి సామీ భాషాగూడు ప్రారంభమయ్యెను. కొన్ని నెలలలో పిల్లలు ఆ భాషయందు మాటలాడసాగిరి. తలిదండ్రులకు రాని భాషను పిల్లలు తాతలతో మాటలాడిరి.

ఆ పిల్లలు బడికి రాగా వారి భాషలో చెప్పు తరగతులు కావలసివచ్చెను. అయితే చెప్పువా రెచ్చట? ఉపాధ్యాయులు కాదగిన యీడువారే ఆ భాషను పోగొట్టుకొన్న తరమువారు. అందుచే 2009, 2010 సంవత్సరములలో పదునేడుగురు పెద్దవారు ఒక యేడు తమ పనులు మానుకొని, ఆ భాషను మొదటినుండి నేర్చిరి. తరగతియందు వ్యాకరణము నేర్చి, పిదప ముసలివారి యిండ్లకు పోయి, వారితో వంటచేయుచు, వలలల్లుచు, చేపలు కడుగుచు మాటలాడి నేర్చిరి. ఆ యేడు గడచిన పిదప బడులకును, భాషాగూళ్లకును, వార్తాలేఖకుల పనికిని మనుష్యులు దొరకిరి. నేడు ఇనారి సామీ తెలిసినవారు కొన్ని వందలమంది కలరు. వారిలో పిల్లలును యువకులును కలరు. మొరొత్తయగారి కుమారుడు ‘అమోక్’ అను పేరుతో ఆ భాషలో ర్యాప్ పాటలు పాడును. ముసలివారి భాష యని తోసివేసినదానిని యువకులు చెవినొగ్గి వినిరి.

చట్టమును తోడువచ్చెను. 1992 మొదలు సామీలు ప్రభుత్వ కార్యాలయములందు తమ భాషలను వాడుకొను హక్కు పొందిరి. 2004లో నా చట్టము మఱింత బలపఱుపబడెను. 1996లో వారి ప్రతినిధి సభయగు సామీ పార్లమెంటు ఏర్పడెను. అది 2012లో తెఱువబడిన ‘సాయోస్’ అను మందిరమున ఇనారి గ్రామమందే కూడుచున్నది. దానికి సమీపముననే ‘సీదా’ యను సామీ వస్తుప్రదర్శనశాల కలదు. జింకల పెంపకము, చేతిపనులు, సామీ భాషలు నేర్పు వృత్తివిద్యాలయమును ఆ గ్రామముననే యున్నది.

ఇక నేటి బడి స్థితి. ఫిన్లండునందంతటను బడిపిల్లలకు మధ్యాహ్నమున వేడి భోజనము రుసుము లేక పెట్టబడును; 1948 మొదలు ఇది చట్టము. ఇల్లు బడికి 5 కిలోమీటర్లకంటె దూరమైనచో పిల్లవానిని బడికి చేర్చు భారము కున్తదే. ఇనారివంటి సీమయందు ఇది చిన్న ఖర్చు కాదు. పల్లెలలో పిల్లలు తగ్గుటచే కొన్ని బడులు మూతపడినవి. సెవెత్తియార్వి వంటి చోట్ల కొలదిమంది పిల్లలకే బడి నడచుచున్నది. స్కోల్ట్ సామీ తెలిసినవా రందరు కలిసి సుమారు మూడువందలమందియే. కావున పని ముగిసినదనరాదు. ప్రారంభమైనదని మాత్రము చెప్పవచ్చును.

క్రొత్తగా పోవువారికి కొన్ని మాటలు

ఫిన్నులును సామీలును మితభాషులు. ఎదుటివాడు ఊరకున్నచో మనపై కోపమని తలపరాదు. ఇంటిలోనికి పోవునపుడు పాదరక్షలు విడువవలెను. ఈ మర్యాద మనకు నేర్ప నక్కఱలేదు. ‘సౌనా’ యను ఆవిరిస్నానమునకు పిలిచినచో అది స్నేహమునకు గుర్తని యెఱుగవలెను.

అడవి యెవరిదైనను అందు నడచుటకును, పండ్లు పుట్టగొడుగులు ఏరుకొనుటకును అందఱికిని హక్కు కలదు. ఇది యచ్చటి ప్రాచీన న్యాయము. కాని భూస్వామి యనుమతి లేక నిప్పు రాజవేయరాదు, ఇండ్ల పెరళ్లలోనికి పోరాదు, జింకలను బెదరింపరాదు. బాటలపై జింకలు తఱచుగా నిలిచియుండును. బండి నడుపువారు నిదానింపవలెను. ఏటేట వేలకొలది జింకలు బండ్లక్రింద పడుచున్నవి. అట్టి ప్రమాదము జరిగినచో 112 అను అంకెకు టెలిఫోను చేయవలెను. జింక చచ్చినను పారిపోయినను తెలుపక పోవుట తప్పు.

కాపరిని ‘నీకెన్ని జింకలు కల’ వని యడుగరాదు. మీ నిలువసొమ్మెంత యని మన నడిగినట్లుండును. సామీల వన్నెల దుస్తులు వేషములు కావు. చూచినవారికి అవి తొడిగినవాని కుటుంబమును ఊరును తెలుపును. వేడుకకై వానిని తొడుగుట వారికి నొప్పి కలిగించును. పూర్వులు పూజించిన దీవులు కొన్ని సరస్సునందు కలవు. వానిని పడవమీదనుండి చూచి తిరిగివచ్చుట మర్యాద.

కాపురముండబోవువారు ఫిన్నిష్ నేర్వక తప్పదు. ఉద్యోగము దానివలననే నిలుచును. ప్రత్యేక వైద్యమునకు ఇవలోనుండి సుమారు 290 కిలోమీటర్లు పోయి రోవనియేమియందలి పెద్ద వైద్యశాలను చేరవలసియుండునని ముందే తెలిసియుండవలెను. మొదటి కామోస్ కాలమున మనస్సు క్రుంగుట సహజము. పగటి కొంచెపు వెలుగునందు బయట నడచుటయు, నలుగురితో కలసి యుండుటయు దానికి మందని అచ్చటివారు చెప్పుదురు. పిల్లలను మాత్రము చలికి వెఱచి ఇంట దాచరాదు. అచ్చటి పిల్లలు మంచులోనే ఆడుకొందురు.

ముగింపు

మేము ఇరువదియేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తియందున్నాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు మాకు బోధనాపద్ధతులు పలువిధముల నేర్పిరి. తరగతియందు ఇంటిభాష మాటలాడు బాలుని గద్దింపుమని యెవరును మాకు నేర్పలేదు. అయినను ఆ పని మేము చేసితిమి. కోయ పల్లెలనుండియు, లంబాడీ తండాలనుండియు వచ్చి వసతిగృహమున నుండు బాలురు తమలో తాము మాటలాడుకొనుచుండగా, ‘ఇచ్చట తెలుగో ఇంగ్లీషో మాటలాడు’డని మేము వారి నోరు మూయించిన దినములు కలవు. వారి మేలు కోరియే యట్లు చేసితిమి. ఇనారి ఉపాధ్యాయులును వారి పిల్లల మేలు కోరియే చేసిరి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్న నాడు మాకు తల వంగినది.

అందుచే ఇనారికి పోవువారికి మంచు, జ్యోతులు, సరస్సు చూడుడని చెప్పుటతో మేము తనివిచెందము. అచ్చటి చిన్న భాషాగూడొకటి దూరమునుండి యైనను చూచి రండు. బడి తీసివేసినదానిని బడియే తిరిగి యీయగలదనియు, అయితే తీసివేయుటకు ఒక తరము చాలుననియు, తిరిగి యిచ్చుటకు తాతలు, తండ్రులు, పిల్లలు మువ్వురును పాటుపడవలెననియు ఆ గూడు చెప్పును. విద్యార్థులారా, మీరు ఫిన్నిష్ నేర్వుడు, ఇంగ్లీషు నేర్వుడు, ఎన్ని భాషలైనను నేర్వుడు. మీ యింటిభాష యేదైనను సరే, సెలవులకు పోయినపుడు అవ్వతో దానిలోనే మాటలాడుడు. వచ్చు సంవత్సరము మా తరగతియందు ఏ బాలుడైనను తన యింటి మాట యొకటి చెప్పినచో, గద్దింపక, దాని యర్థము మేము అడిగి తెలిసికొందుము.